పాత లారీ స్లోలో వణుకుతుంటే: పంపు విప్పక ముందే చేయవలసిన పరీక్షలు

పాత లారీ ఇంజిన్ స్లోలో (యాక్సిలరేటర్ తొక్కకుండా తిరిగే కనిష్ఠ వేగంలో) నిలకడగా తిరగనప్పుడు సాధారణంగా జరిగేది ఒకటే. డ్రైవరు డీజిల్ పంపు మీదున్న, స్లో వేగాన్ని నిర్ణయించే ఐడ్లింగ్ స్క్రూను అర చుట్టు బిగిస్తాడు, వేగం పెరిగి వణుకు తగ్గినట్టు కనిపిస్తుంది, నాలుగు రోజులు గడిచాక మళ్ళీ మొదలవుతుంది. అప్పుడు బండి షెడ్డుకు వెళుతుంది, అక్కడ పంపునూ, సిలిండర్లలోకి డీజిల్ చిమ్మే నాజిళ్ళనూ విప్పి, వాటిని బాగుచేసే పంపు రూముకు పంపిస్తారు. బిల్లు కట్టి తెచ్చుకున్న పంపు తిరిగి బిగించిన తరువాత కూడా బండి అలాగే వణికిన సందర్భాలు ఈ వృత్తిలో ఉన్న ప్రతి ఒక్కరికీ తెలిసినవే. నేను చూసినంతలో ఇలాంటి బండ్లలో ఎక్కువ వాటికి లోపం పంపులో ఉండదు; ట్యాంకుకూ పంపుకూ మధ్య ఎక్కడో గాలి పీల్చే చోటనో, కారుతున్న ఒక నాజిల్‌లోనో, ఏళ్ళ తరబడి ఎవరూ ముట్టుకోని టాపెట్లలోనో (వాల్వుల సందు సర్దే చోట) ఉంటుంది. అందువల్ల ఈ మార్గదర్శిలో పరీక్షలు ఖర్చు లేని వాటితో మొదలై ఖర్చయ్యే వాటి వైపు సాగుతాయి, ఐడ్లింగ్ స్క్రూ అన్నిటికన్నా చివర వస్తుంది.

ఇక్కడ చెప్పేదంతా ఇన్‌లైన్ డీజిల్ పంపు (సిలిండరుకొకటి చొప్పున డీజిల్ నెట్టే ఎలిమెంట్లు వరుసగా ఉండే పంపు) ఉన్న, కంప్యూటర్ లేని ఆరు సిలిండర్ల బండ్లకు వర్తిస్తుంది. టాటా 697 ఇంజిన్, టాటా కమిన్స్ 6బిటి ఇంజిన్ ఉన్న 1612, 1613 రకాల లారీలు ఇందుకు మంచి ఉదాహరణలు. 697 అనే పేరులోనే ఆరు సిలిండర్లు, 97 మిల్లీమీటర్ల బోరు (సిలిండరు లోపలి వ్యాసం) అనే లెక్క దాగి ఉంది. ఈ బండ్ల పంపును షెడ్డులో అందరూ మైకో పంపు అనే అంటారు. 1951లో బెంగళూరులో మొదలైన ఆ కంపెనీ 2008లో బాష్ అని పేరు మార్చుకున్నా ఆటోనగర్ నోట ఆ మాట మారలేదు. కామన్ రైల్ (అన్ని నాజిళ్ళకూ ఒకే ఉమ్మడి గొట్టం నుండి అధిక పీడనంతో డీజిల్ అందే పద్ధతి), సెన్సర్లు ఉన్న కొత్త తరం బండ్లకు ఈ పద్ధతులు పనికిరావు. ముఖ్యంగా వాటి హై ప్రెషర్ పైపుల నట్లు ఇంజిన్ నడుస్తుండగా వదులు చేయడం ప్రాణాపాయం.

పని మొదలుపెట్టే ముందు

బండిని సమతలమైన చోట నిలిపి, హ్యాండ్ బ్రేక్ వేసి, గేరు న్యూట్రల్‌లో పెట్టి, చక్రాల కింద రెండు వైపులా చెక్క దిమ్మలు పెట్టాలి. లుంగీ, భుజం మీద తువ్వాలు, వేలాడే తాయెత్తు వంటివేవీ ఒంటి మీద లేకుండా చూసుకోవాలి, ఎందుకంటే పరీక్షలలో సగం ఫ్యాను తిరుగుతుండగానే చేయాలి. స్టాప్ కేబుల్ లాగితే ఇంజిన్ తప్పకుండా ఆగుతున్నదో లేదో ముందే చూసుకొని, ఎయిర్ ఇన్‌టేక్ నోటికి సరిపడే చదునైన చెక్క ముక్కను పక్కన ఉంచుకోవాలి. ఏ కారణం చేతనైనా ఇంజిన్ వేగం అదుపు తప్పితే గాలిని మూసివేయడమే దానిని ఆపే దారి. ఆ పని ఎప్పుడూ చెక్కతోనే చేయాలి తప్ప అరచేతితో చేయకూడదు. నాజిల్ నుండి గానీ పగిలిన హై ప్రెషర్ పైపు నుండి గానీ వచ్చే డీజిల్ చిమ్ము చర్మాన్ని చీల్చుకొని లోపలికి పోతుంది. పైకి సూది గుచ్చినంత గాయమే కనబడినా ఆలస్యం చేస్తే వేలు తీసివేయవలసి రావచ్చు. కాబట్టి లీకు ఉన్నదేమోనని చేతితో తడమకుండా అట్టముక్క అడ్డంపెట్టి చూడాలి.

ముందుగా వణుకు ఏ రకమో తేల్చుకోవాలి

స్లో బాగాలేదు అనే ఒక్క మాట వెనుక మూడు వేరువేరు జబ్బులు ఉంటాయి. సైలెన్సర్ గొట్టం దగ్గర నిలబడి ఒక నిమిషం పాటు చెవి పెట్టి వింటే అవి విడిపోతాయి.

మొదటిది మిస్సింగ్. ఒకే లయలో వస్తున్న శబ్దంలో క్రమం తప్పకుండా ఒక దెబ్బ లోపిస్తుంది. నాలుగు స్ట్రోకుల ఇంజిన్‌లో ప్రతి సిలిండరూ రెండు చుట్లకు ఒకసారి పేలుతుంది కాబట్టి, నిమిషానికి 600 చుట్లు తిరిగే స్లోలో ఒక్కొక్క సిలిండరు సెకనుకు 5 సార్లు పేలాలి. ఒక సిలిండరు చచ్చుబడితే సెకనుకు 5 సార్లు ఖాళీ వస్తుంది, ఆ ఖాళీయే స్టీరింగులోనూ అద్దంలోనూ వణుకుగా కనిపిస్తుంది. వేగం పెంచితే ఖాళీలు దగ్గరపడి, ఫ్లైవీల్ ఊపు వాటిని కప్పివేస్తుంది కాబట్టి రోడ్డు మీద ఆ లోపం అంతగా తెలియదు.

రెండవది హంటింగ్. ఇంజిన్ వేగం తనంతట తాను పెరుగుతూ తగ్గుతూ, ఉయ్యాల ఊగినట్టు ఉంటుంది. ఇది డీజిల్‌లో గాలి వల్ల గానీ, పంపు లోపల వేగాన్ని అదుపు చేసే గవర్నర్ వల్ల గానీ, బిగుసుకుపోయిన యాక్సిలరేటర్ లింకుల వల్ల గానీ వస్తుంది.

మూడవదానిలో శబ్దం గడియారంలా సమంగానే ఉంటుంది, క్యాబిన్ మాత్రం ఊగిపోతుంది. అప్పుడు ఇంజిన్‌ను అనుమానించనక్కరలేదు. మౌంటింగ్ రబ్బర్లు నూనె తాగి ఉబ్బాయేమో, చీలాయేమో, ఒకవైపు కుంగాయేమో చూడాలి. క్లచ్ తొక్కినప్పుడు అదురు మారితే వెతకవలసింది క్లచ్ వైపు.

పొగను కూడా ఇప్పుడే చూసి పెట్టుకోవాలి. కళ్ళు మండించే తెల్లపొగ అంటే కాలని డీజిల్ బయటికి వస్తున్నట్టు. నల్లపొగ అంటే గాలికి మించి డీజిల్ పడుతున్నట్టు, నీలిపొగ అంటే ఇంజిన్ ఆయిల్ కాలుతున్నట్టు. ఉదయం చల్లని ఇంజిన్ స్టార్టు చేసిన మొదటి రెండు మూడు నిమిషాలు ఇచ్చే సమాచారం తరువాత గంటసేపు చూసినా దొరకదు కనుక, బండిని రాత్రంతా చల్లారనిచ్చి తెల్లవారాక పరీక్ష మొదలుపెట్టడం మేలు.

పానా ముట్టకుండా చేసే పరీక్షలు

యాక్సిలరేటర్ పెడల్‌ను తొక్కి వదిలి, పంపు మీదున్న లీవరు ప్రతిసారీ వెనక్కి వచ్చి స్క్రూకు ఆనుతున్నదో లేదో చూడాలి. రిటర్న్ స్ప్రింగ్ సాగిపోయినా, లింకు కీళ్ళలో దుమ్ము గడ్డకట్టినా లీవరు ఒక్కోసారి ఒక్కో చోట ఆగుతుంది, స్లో కూడా ఒక్కోసారి ఒక్కో విధంగా ఉంటుంది. అలాగే ఎగ్జాస్ట్ బ్రేక్ ఉన్న బండ్లలో దాని లోపలి రేకు మసి పట్టి సగం మూసుకొని ఉండిపోవడం అరుదేమీ కాదు. పొగ బయటికి పోలేక ఇంజిన్ ఉక్కిరిబిక్కిరి అవుతుంది, మెకానిక్ మాత్రం నాజిళ్ళు విప్పుతుంటాడు.

బ్రేకుల ఎయిర్ కంప్రెసర్ సంగతి చాలామందికి తట్టదు. ట్యాంకులలో గాలి నిండేవరకు కంప్రెసర్ ఇంజిన్ మీద బరువు వేస్తుంది, నిండిన తరువాత ఆ బరువు పోతుంది. ఎక్కడైనా గాలి లీకు ఉంటే కంప్రెసర్ మాటిమాటికీ పనిలోకి దిగుతుంది కాబట్టి ఇంజిన్ వేగం కూడా ఆ లెక్కనే దిగుతూ లేస్తూ ఉంటుంది. గాలి గేజి ముల్లును చూస్తూ వింటే అది హంటింగో, కంప్రెసర్ బరువో తెలిసిపోతుంది. ఎయిర్ ఫిల్టరును విప్పి చూడటం, టర్బో ఉన్న ఇంజిన్‌లో హోస్ క్లాంపులను బిగించి చూడటం పది నిమిషాల పని.

గాలి ఎక్కడ దూరుతోంది

ఎక్కువ సమయం కేటాయించవలసినది ఈ పరీక్షకే. ట్యాంకు నుండి ఫీడ్ పంపు (డీజిల్‌ను లాగి పెద్ద పంపుకు అందించే చిన్న పంపు) వరకు ఉన్న దారిలో డీజిల్ పీల్పు మీద నడుస్తుంది, నెట్టుడు మీద కాదు. ఆ దారిలో ఎక్కడ చిల్లు పడినా బయటికి డీజిల్ కారదు, లోపలికి గాలి పోతుంది. లీకు ఉంటే తడి కనిపించాలి అనే అలవాటు మనల్ని మోసం చేసేది ఇక్కడే. మా బండికి ఒకసారి ఇదే జరిగింది. స్లోలో ఊగుతోందని పంపును రెండుసార్లు దించారు. చివరికి చాసిస్ పక్కన క్లాంపు కింద రబ్బరు పైపు రాచుకొని అరిగి, వేలితో వంచితే తప్ప కనబడని సన్నని చీలిక బయటపడింది. దాని చుట్టూ ఉన్న దుమ్ము పొడిగానే ఉంది, అందువల్లనే ఎవరి కన్నూ అక్కడ ఆగలేదు.

పరీక్షకు కావలసింది మూడు అడుగుల పారదర్శక ప్లాస్టిక్ పైపు, రెండు క్లాంపులు. ఫీడ్ పంపులోకి వచ్చే పైపును విప్పి, మధ్యలో ఈ ముక్కను కలిపి, చేతి ప్రైమర్ (డీజిల్‌ను చేత్తో నెట్టే మీట) కొట్టి ఇంజిన్ స్టార్టు చేయాలి. మొదట్లో కొన్ని బుడగలు రావడం సహజం. నాలుగైదు నిమిషాల తరువాత కూడా ఆవగింజల్లా బుడగలు వరుసగా వస్తుంటే గాలి దూరుతున్నట్టు నిర్ధారణ అయినట్టే. ఇప్పుడు ట్యాంకు పైపును పూర్తిగా తప్పించి, ప్లాస్టిక్ పైపు రెండవ కొసను శుభ్రమైన డీజిల్ ఉన్న ఐదు లీటర్ల డబ్బాలో ముంచి నడపాలి. బుడగలు ఆగి స్లో నిలబడితే లోపం ట్యాంకు వైపు ఉంది: రబ్బరు పైపు, కీళ్ళు, ట్యాంకు లోపలి సక్షన్ గొట్టం, లేదా గాలి రంధ్రం మూసుకుపోయిన ట్యాంకు మూత. మూత రంధ్రం మూసుకుపోతే బండి కొంతదూరం బాగానే నడిచి, ట్యాంకులో ఖాళీ పెరిగేకొద్దీ డీజిల్ లాగలేక స్లో పడిపోతుంది. ఆ సమయంలో మూత తిప్పితే లోపలికి గాలి పీల్చిన శబ్దం వినబడుతుంది. డబ్బాతో నడిపినప్పుడు కూడా మార్పు లేకపోతే ట్యాంకు వైపు దారి నిర్దోషి అని రాసిపెట్టుకొని ఫీడ్ పంపు జాలీ, దాని వాషర్లు, ఫిల్టర్ల వైపు రావాలి.

విప్పిన ప్రతి బాంజో బోల్టు (పైపు కొసను బిగించే, మధ్యలో రంధ్రమున్న బోల్టు) దగ్గర రాగి వాషర్లు కొత్తవి వేయాలి. ఫిల్టర్ల కింది గిన్నెలో చేరిన నీటిని ఒక గాజు గ్లాసులోకి దింపి అరగంట కదపకుండా ఉంచితే నీరు అడుగున, డీజిల్ పైన విడిపోయి ఎంత నీరుందో స్పష్టంగా తెలుస్తుంది. నీరు ఎక్కువగా కనిపిస్తే ఫిల్టర్లు మార్చడంతో పని తీరదు, ట్యాంకు అడుగు ప్లగ్గు విప్పి కడగాలి.

ఆ తరువాత ఎయిర్ తీయడం. ముందుగా ఫిల్టర్ తల మీదున్న బ్లీడింగ్ స్క్రూను వదులు చేసి, ప్రైమర్ కొడుతూ, నురుగు పోయి బుడగలు లేని డీజిల్ ధార వచ్చినప్పుడు ప్రైమర్ కొడుతుండగానే స్క్రూ బిగించాలి. తరువాత పంపు మీది బ్లీడింగ్ స్క్రూ దగ్గర ఇదే పని చేయాలి. ఈ వరుస తప్పితే ఫిల్టర్లలోని గాలి మళ్ళీ పంపులోకి చేరుతుంది. ఇంకా స్టార్టు కాకపోతే నాజిళ్ళ దగ్గర నట్లు కొద్దిగా వదులు చేసి, సెల్ఫ్‌ను ఒక్కోసారి 15 సెకన్లకు మించకుండా, మధ్యలో విరామమిస్తూ తిప్పాలి.

ఏ సిలిండరు పని చేయడం లేదు

గాలి లోపం లేదని తేలి, మిస్సింగ్ మిగిలి ఉంటే చచ్చుబడిన సిలిండరును పట్టుకోవాలి. సిలిండర్లను ఫ్యాను వైపు నుండి లెక్కపెట్టాలి. ఇంజిన్ స్లోలో నడుస్తుండగా ఒకటవ నాజిల్ దగ్గరి హై ప్రెషర్ నట్టు మీద గుడ్డ కప్పి, సాధారణంగా 17 లేదా 19 నంబరు పానాతో, పావు నుండి అర చుట్టు వరకు వదులు చేయాలి. ఆ సిలిండరు ఆరోగ్యంగా ఉంటే ఇంజిన్ శబ్దం ఒక్కసారిగా కుంగి వణుకు పెరుగుతుంది. వెంటనే బిగించి రెండవదానికి వెళ్ళాలి. ఏ నట్టు వదిలినప్పుడు ఇంజిన్‌లో మార్పు రాదో ఆ సిలిండరే దోషి. నట్టు వదలగానే టకటక శబ్దం ఆగిపోతే మాత్రం ఆ నాజిల్ కారుతూ ఉండవచ్చు, లేదా ఆ సిలిండరు కింద బేరింగ్ అరిగి ఉండవచ్చు. లోపం బేరింగ్‌ది అయితే బండిని ఇక నడపకూడదు.

అనుభవమున్న మెకానిక్ నట్టు వదలకుండానే పొడిగా, లీకు లేకుండా ఉన్న పైపులను ఒక్కొక్కటిగా రెండు వేళ్ళతో పట్టుకొని నాడి చూస్తాడు. బాగున్న పైపులో వేలికి సమంగా టక్కు టక్కుమని తగులుతుంది, నాజిల్ తెరుచుకొని ఉండిపోయిన పైపులో ఆ దెబ్బ మెత్తబడుతుంది, బిగుసుకుపోయిన చోట గట్టిపడుతుంది. చల్లని ఇంజిన్‌తో మొదలుపెట్టినవారికి ఇంకొక దారి ఉంది. స్టార్టయిన ఒకటి రెండు నిమిషాలకు ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ ఆరు కొమ్మల మీద ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటరు పెడితే పేలని సిలిండరు కొమ్మ మిగిలినవాటికన్నా చల్లగా కనిపిస్తుంది. థర్మామీటరు లేదని కాలిన మానిఫోల్డ్ మీద నీళ్ళు చల్లితే పోత ఇనుము పగులుతుంది.

మూడవ సిలిండరు దోషి అని తేలిందనుకుందాం. దాని నాజిల్ విప్పి ఐదవ సిలిండరులో, ఐదవదానిది మూడవ సిలిండరులో బిగించి పరీక్షను మళ్ళీ చేయాలి. మిస్సింగ్ ఐదవ సిలిండరుకు మారితే లోపం నాజిల్‌ది. మూడవదానిలోనే ఉండిపోతే లోపం పంపులోని ఆ ఎలిమెంటుదో, డెలివరీ వాల్వుదో, లేదా ఆ సిలిండరు కంప్రెషన్‌దో. పంపు రూముకు ఏమి పంపాలో, అసలు పంపాలో వద్దో ఈ మార్పిడి చెబుతుంది. నాజిల్ తిరిగి బిగించేటప్పుడు కింద కొత్త రాగి వాషరు వేయాలి. పాతది గుంతలోనే అంటుకొని ఉండిపోయిందేమో టార్చి వేసి చూడాలి. రెండు వాషర్లు పడితే నాజిల్ ఎత్తులో కూర్చొని కంప్రెషన్ లీకవుతుంది, కొత్త నాజిల్ వేసినా మిస్సింగ్ పోలేదని మనం పంపును తిట్టుకుంటాం.

నాజిళ్ళను టెస్టరు మీద పెట్టించేటప్పుడు దగ్గర నిలబడి చూడటం యజమాని హక్కు. నాజిల్ మాన్యువల్‌లో చెప్పిన పీడనం దగ్గర తెరుచుకోవాలి, ప్రతి రంధ్రం నుండి పొగమంచు వంటి సన్నని చిమ్ము రావాలి, ఆగిన తరువాత మొన మీద చుక్క నిలవకూడదు. చుక్క నిలిచే నాజిల్ స్లోలోనే ఎక్కువ బాధిస్తుంది, ఎందుకంటే స్లోలో ప్రతిసారీ పడవలసిన డీజిలే చాలా తక్కువ కాబట్టి అందులో ఒక చుక్క తేడా కూడా పెద్ద తేడా అవుతుంది. ఒక నాజిల్ పోయినప్పుడు మిగిలిన ఐదింటినీ అదే రోజు టెస్టరు మీద పెట్టించి పీడనాలు సమం చేయించడం వృథా ఖర్చు కాదు.

టాపెట్లు

వాల్వుకూ దానిని నొక్కే రాకర్‌కూ మధ్య ఉండవలసిన సందు తక్కువైన వాల్వు పూర్తిగా మూసుకోదు, ఎక్కువైనది ఆలస్యంగా తెరుచుకొని టక్కుటక్కుమంటుంది. టాటా కమిన్స్ 6బిటి ఇంజిన్‌కు చల్లగా ఉన్నప్పుడు ఇన్‌లెట్ సందు 0.25 మిల్లీమీటర్లు, ఎగ్జాస్ట్ సందు 0.51 మిల్లీమీటర్లు. ఇతర ఇంజిన్లకు ఈ అంకెలు వేరు కాబట్టి వాటి మాన్యువల్‌నే అనుసరించాలి.

వరుస గుర్తుపెట్టుకోవడానికి జంట పద్ధతి సులువు. ఆరు సిలిండర్ల వరుస ఇంజిన్‌లో 1, 6 జంటగా, 2, 5 జంటగా, 3, 4 జంటగా పిస్టన్లు పైకి వస్తాయి. ఆరవ సిలిండరు రెండు వాల్వులూ కలిసి ఊగుతున్న క్షణంలో, అంటే ఒకటి మూసుకుంటూ మరొకటి తెరుచుకుంటున్నప్పుడు, ఒకటవ సిలిండరు వాల్వులు రెండూ పూర్తిగా మూసుకొని ఉంటాయి. అప్పుడు ఒకటవదాన్ని సెట్ చేయాలి. ఈ ఇంజిన్ల ఫైరింగ్ వరుస (సిలిండర్లు పేలే వరుస) 1-5-3-6-2-4 కాబట్టి, అక్కడి నుండి క్రాంకును 120 డిగ్రీలు తిప్పితే 2 ఊగుతుంది, 5 సెట్ చేయాలి. తరువాత 4 ఊగితే 3, ఆపైన 1 ఊగితే 6, 5 ఊగితే 2, చివరికి 3 ఊగితే 4. ఫీలర్ గేజి ఆకు స్వల్పమైన పట్టుతో జారాలి. లాక్ నట్టు బిగించేటప్పుడు స్క్రూ కాస్త తిరిగిపోతుంది కాబట్టి బిగించిన తరువాత ఆకును మళ్ళీ పెట్టి చూడకుండా తరువాతి సిలిండరుకు వెళ్ళకూడదు.

కంప్రెషన్ సంగతి

నాజిల్ మార్చినా, టాపెట్లు సరిచేసినా అదే సిలిండరు పలకకపోతే నాజిల్ గుంతలో డీజిల్ కంప్రెషన్ గేజి బిగించి ఆరు సిలిండర్లనూ కొలవాలి. పెట్రోల్ ఇంజిన్ల గేజి ఈ పీడనానికి ఆగదు. ఇక్కడ చూడవలసింది ఒక్క అంకెను కాదు, ఆరింటి మధ్య తేడాను. ఐదు దగ్గరదగ్గరగా ఉండి ఒకటి బాగా పడిపోతే వాల్వు గానీ రింగులు గానీ పోయినట్టు, పక్కపక్కనున్న రెండూ కలిసి పడిపోతే వాటి మధ్య హెడ్ గ్యాస్కెట్ కాలినట్టు. బ్రీదర్ గొట్టం (ఇంజిన్ లోపలి ఆవిరి బయటికి పోయే గొట్టం) నుండి పొగ గుప్పుగుప్పున వస్తుంటే రింగుల వైపు అనుమానం బలపడుతుంది. ఈ దశలో హెడ్ దించడం తప్ప వేరే దారి లేదు, ఐడ్లింగ్ స్క్రూ బిగించి కాలం గడిపితే పని పెరుగుతుంది.

పంపు రూముకు ఎప్పుడు పంపాలి

గాలి లేదు, నాజిళ్ళు బాగున్నాయి, టాపెట్లు, కంప్రెషన్ సరిగా ఉన్నాయి, లీవరు స్వేచ్ఛగా కదులుతోంది, అయినా హంటింగో మిస్సింగో మిగిలింది అన్నప్పుడు మాత్రమే పంపు దించాలి. దించే ముందు పంపుకూ దాని డ్రైవుకూ మధ్య గుర్తులు గీసిపెట్టుకోవాలి. తిరిగి బిగించేటప్పుడు టైమింగ్ ఒక పన్ను తేడా వచ్చినా తెల్లపొగతోనో గట్టి కొట్టుడుతోనో కొత్త జబ్బు మొదలవుతుంది. పంపు రూములో అన్ని వేగాల వద్దే కాకుండా ప్రత్యేకించి స్లో వద్ద ఆరు ఎలిమెంట్ల డెలివరీ సమంగా ఉన్నదో లేదో బెంచి మీద కొలిపించి, ఆ అంకెల కాగితం అడిగి తీసుకోవాలి. గవర్నర్ లోపల ఐడ్లింగ్ స్ప్రింగులు, వెయిట్ల పిన్నుల అరుగుదల కూడా అప్పుడే చూడమనాలి. పంపు మీది సీళ్ళు తెంచి బయట సర్దడం కన్నా ఈ పనిని బెంచి మీదే వదిలేయడం మంచిది.

ఇక ఐడ్లింగ్ స్క్రూ

బండిని పది కిలోమీటర్లు నడిపి ఇంజిన్‌ను పూర్తి వేడికి తేవాలి. గాలి ట్యాంకులు నిండి కంప్రెసర్ బరువు దిగే వరకు ఆగి, లాక్ నట్టు వదులు చేసి, టాకోమీటరు చూస్తూ మాన్యువల్‌లోని వేగానికి స్క్రూను సర్దాలి. ఈ తరం ఇంజిన్లకు అది సాధారణంగా 600, 750 మధ్య ఉంటుంది. లాక్ నట్టు బిగించాక యాక్సిలరేటర్‌ను ఒక్కసారి గట్టిగా తొక్కి వదలాలి. వేగం దిగి, ఆగిపోకుండా, ఊగకుండా అదే అంకె దగ్గర నిలవాలి. హెడ్‌లైట్లు వేసి, స్టీరింగ్ పూర్తిగా ఒకవైపు తిప్పి ఇంకోసారి చూడాలి. తరువాత నట్టుకూ స్క్రూకూ కలిపి తెల్ల పెయింటుతో ఒక గీత గీసి, మర్నాడు ఉదయం చల్లని స్టార్టింగులో ఇంజిన్‌ను మళ్ళీ వినాలి. ఇకముందు ఎప్పుడు స్లో తేడా వచ్చినా మొదట ఆ గీత తప్పిందో లేదో చూస్తే, స్క్రూను ఎవరైనా ముట్టుకున్నారో లేదో క్లీనరును అడగకుండానే తెలుస్తుంది.